పది కిలోల లోపల

కొక్కెం కాంట సంచిల వేసుకొని పోయిన
మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వెనక సందుకు.
నయీమన్న నవ్విండు:
"స్పీకర్ కొనొచ్చినవా కృపక్కా,
పల్లికాయ కొనొచ్చినవా?"

నవ్వనియ్యి.
గర్భసంచి తీసినంక డాక్టరమ్మ రాసిచ్చిన చీటీల
మందుల కింద గీత గీసి ఒకటే మాట:
పది కిలోలకు మించి ఎత్తొద్దు.
బిందె సంగతి అడిగిన. బియ్యం మూట సంగతి అడిగిన.
బేస్ డబ్బా సంగతి అడిగితె
"అదేందమ్మా?" అన్నది.

అదేందంటె,
పందొమ్మిదేండ్ల కింద బాదేపల్లిల వీరాచారి
పాత దర్వాజ చెక్కలు కోసి చేసిన పెట్టె.
పదిహేనించుల స్పీకరు, ముప్పై ఎనిమిది కిలోలు,
మూలలకు ఇనుప రేకులు, ఎడ్లబండికి కొట్టినట్టు.
పల్లెవెలుగు బస్సుల దానికి
ఒకసారి కండక్టరు ఫుల్ టికెట్ కొట్టిండు,
మనిషికంటె ఎక్కువ జాగ పట్టిందని.
దాని అంచు తాకి తాకి నా కుడి తొడ మీద
నల్లగ ఒక మచ్చ, ఇప్పటికీ ఉన్నది.

బేస్ అంటెనే బరువు, అన్నరు అందరు.
తేలిక డబ్బాల నుంచి తేలిక మోతే వస్తదట.
గిటార్ పోరడు మాత్రం ఫోన్ల బొమ్మ చూపిచ్చిండు:
నియోడిమియం అయస్కాంతం,
అరచెయ్యంత ఉండి రోలంతదాని పని చేస్తదట.
నమ్మలె. నమ్మకుంట కూడ ఉండలె.
అందుకే కాంట.

మొదటిది ఎనిమిది కిలోలు. పదించులది.
లావు తీగ మీటితె
అగ్గిపెట్టెల మూసిన తేనెటీగ.
రెండోది పద్నాలుగు. అది మోగంగనే
దుకాణం షట్టరు గజగజ వణికింది,
పక్క హోటల్ల చాయ్ సాసర్లు పలికినయ్,
నా కుట్ల కాడ ఎవరో చెయ్యి పెట్టినట్టయ్యింది.
దాని దిక్కు ఇంకోసారి చూడలె.
మూడోది పన్నెండించులది. సాసర్లు ఊకున్నయ్ గని
షట్టరు కదిలింది.
ముల్లు పదకొండున్నర కాడ ఆగింది.

అప్పుడు మొదలుపెట్టిన బేరం.
"పైసలు తగ్గియ్య అక్కా."
"పైసలెవరడిగిన్రు? కిలోలు తగ్గియ్యి."
కింది చక్రాలు విప్పిండు, ఏడు వందల గ్రాములు.
మూల రేకులు, రెండు వందల యాభై.
ముందరి ఇనుప జాలి విప్పేటప్పుడు మొఖం మాడ్చిండు:
"పిల్లి గీరితె నా పూచీ లేదు."
తొమ్మిది కిలోల ఎనిమిది వందలు.
విప్పిన ఇనుమంత గల్లా పక్కన కుప్పేసి
వారంటీ కాగితం ఆ కుప్ప మీదనే పెట్టిండు.

జాలి జాగల
మా అమ్మ నారాయణపేట చీర గుంజి కట్టిన.
దాని బరువు తూయలె.

పాతదాంట్ల స్పీకరు వీరాచారి కొడుకు ఊడదీసుకపోయిండు.
మిగిలిన గుండ్రటి బొక్కల నుంచి లోపలికి దూరి
కోడి పొదుగుతున్నది.

ఆదివారం.
రెండో బల్లల దానమ్మ. ఎనభై దాటినయ్,
చెవులు పోయి ఏడేండ్లు.
ముందు బల్ల వీపుకు అరచెయ్యి ఆనిచ్చి
కీర్తనంత చెక్కల నుంచి వింటది.
పాత డబ్బా నేలను దంచేది, ఆమె చేతికి అందేది.
మొదటి చరణం అటు చూడకుంట వాయించిన.
రెండో చరణానికి చూసిన:
చెయ్యి బల్ల మీదనే ఉన్నది,
మొఖం మాత్రం
పేరు గుర్తుకు రాని మనిషి ఎదురైనట్టు.
ఏమనలె. ప్రార్థన అయినంక
చెప్పులేసుకొని పోయింది.

మల్ల వారం
ఒక్క చేత్తో డబ్బా పట్టుకొని నేను పోయేసరికి
మొదటి బల్లల కూసున్నది.
ఆమె ముందర బల్ల లేదు.
అరచెయ్యి ఒళ్ళె ఉన్నది, ఖాళీగ.
డబ్బా యాడ దించుతనో అని చూస్తున్నది.

ముప్పై ఎనిమిది కిలోలప్పుడు
ఒకసారి దించితె దించినకాడనే.
దీన్ని ఆమె మోకాలి పక్కకు జరిపిన,
కాలితోనే.